కాలువ తవ్వించిన బోధకుడు: ఒంగోలు క్లౌ దొర జీవితం

హోసూరు రోడ్డు మీద చందాపుర, బొమ్మసంద్ర పరిసరాల్లో ఏళ్ల క్రితమే స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో కాంట్రాక్టు పనులు, చిన్న వ్యాపారాలు చేసుకునేవారున్నారు. ఆదివారం చర్చి, సోమవారం సైటు. రెండూ వేర్వేరు లోకాలని, విశ్వాసానికి వ్యాపారంలో చోటులేదని అనుకోవడం మనలో చాలామందికి అలవాటు. ఒంగోలులో జీవించిన జాన్ ఎవరెట్ క్లౌ అలా అనుకోలేదు.

క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. చిన్న వయసులోనే మిన్నెసోటా ప్రాంతంలో భూసర్వే బృందంతో కలిసి పనిచేసి, సర్వేయరుగా ఎదిగారు. ఆ తరువాత చదువుకుని, బాప్టిస్టు మిషనరీగా 1865లో నెల్లూరు చేరారు. మరుసటి ఏడాది ఒంగోలు వెళ్లారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. అప్పటికి సర్వే పని ఆయనకు పాత జ్ఞాపకం మాత్రమే.

పదేళ్లు గడిచాయి. 1876లో మొదలైన కరువు మద్రాసు ప్రెసిడెన్సీని కుదిపేసింది. పొలాల్లో పని లేదు, ఇళ్లలో గింజ లేదు. కరువు సహాయం కింద ప్రభుత్వం తీరం వెంబడి బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ ముందుకొచ్చి, దాదాపు మూడున్నర మైళ్ల కాలువను తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నారు. ఎప్పుడో నేర్చుకున్న సర్వే విద్య అప్పుడు అక్కరకొచ్చింది. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. తెలిసిన మనుషుల దగ్గర పని కావడంతో మాదిగ పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే తరలివచ్చాయి. పగలు మట్టి మోసినవారు పని ఆపిన వేళల్లో బోధకుల మాటలు విన్నారు.

అసలు పరీక్ష అక్కడే వచ్చింది. వేలమంది బాప్తిస్మం కావాలని అడగసాగారు. ఏ మిషనరీకైనా అంతకంటే సంతోషం ఏముంటుంది? కానీ కూలి ఇచ్చే చేయి, బాప్తిస్మం ఇచ్చే చేయి ఒకటే అయితే, వచ్చేవారు దేని కోసం వస్తున్నారో ఎలా తెలుస్తుంది? క్లౌ ఆగారు. పదిహేను నెలల పాటు బాప్తిస్మాలు నిలిపివేశారు. కాంట్రాక్టు పని ముగిసి, ఆయన దగ్గర ఆశించడానికి కూలీ సాయమూ లేని రోజు వచ్చాకే మళ్లీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ బాప్తిస్మాలు ఇచ్చింది ఆయన కాదు, తెలుగు బోధకులు.

ఆయన 1910లో అమెరికాలో కన్నుమూశారు. ఒంగోలులో ఆయన పేరు నేటికీ నిలిచి ఉంది.

క్లౌ జీవితంలో మన పనికి పనికొచ్చే సంగతులు రెండున్నాయి. మొదటిది, నేర్చుకున్న పనిని తక్కువగా చూడకూడదు. ఏళ్ల తరబడి పక్కన పెట్టిన విద్య కరువు రోజుల్లో వేలమందికి అన్నం పెట్టింది. కొత్త యంత్రాలు, కొత్త పద్ధతులు వచ్చాక మన చేతిపనికి విలువ పోయిందని దిగులుపడేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. ఎదుటివారి అవసరం ఎక్కడుందో చూస్తే మన విద్యకు చోటు అక్కడే దొరుకుతుంది.

రెండోది కాస్త కష్టమైనది. మన దగ్గర పనిచేసేవారిలో మన సంఘస్థులూ ఉంటారు. వారు ప్రార్థనకు రాకపోతే పని తగ్గించడం, వస్తే పెంచడం మనం ఎప్పుడైనా చేశామా? కూలి పనికి ఇచ్చే ధర. అది విశ్వాసానికి వెల కాకూడదు. రేపు శనివారం సైటులో లెక్క చూసి కూలి పంచేటప్పుడు ఆ పదిహేను నెలల్ని ఒకసారి తలుచుకుందాం.