బుక్కరాయలు – చీనా రాయబారము

మన ఊరి పేరులో నిలిచియున్న బుక్కరాయలు సంగమ వంశపు రాజు. సంగముని కుమారులైదుగురిలో ఒకడు. అన్నయగు హరిహరరాయలతో గూడి విజయనగర రాజ్యమునకు పునాది వేసెను. అన్నగారి అనంతరము 1356లో సింహాసనమెక్కి 1377 వరకు పాలించెను.

ఆ పాలనలో విశ్రాంతి లేదు. ఉత్తరమున బహమనీ సుల్తానులతో యుద్ధములు జరిగెను. దక్షిణమున ఆయన కుమారుడు కంపరాయలు మధుర సుల్తానును జయించెను. ఆ విజయమును కంపరాయల దేవేరి గంగాదేవి సంస్కృత కావ్యముగా రచించెను. వానలు తక్కువగు మన సీమలో 1364లో రాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరు ఏటికి అడ్డముగా చెరువు కట్టించెను. ఆ చెరువే మన ఊరికి ప్రాణము, పేరు. 1368లో జైనులకును వైష్ణవులకును తగవు పుట్టగా, రాయలు ఉభయులను పిలిపించి రాజీ కుదిర్చి, సంఖ్యలో తక్కువగు జైనులకు రక్షణ కల్పించెను.

అదే 1368లో దూరమున చీనాదేశమున గొప్ప మార్పు జరిగెను. మంగోలుల ప్రభుత్వము కూలి మింగు వంశము స్థాపితమయ్యెను. ఆ వంశ మూలపురుషుడు హుంగ్ వూ చక్రవర్తి పేదరైతు బిడ్డ. అతడు 1371లో తన ప్రజలు సొంతముగా సముద్రవ్యాపారము చేయరాదని శాసించెను. నాటినుండి పరదేశములతో న్యాయసమ్మతమగు వర్తకము రాయబారముల వెంటనే నడువవలసి వచ్చెను. 1374లో బుక్కరాయల దూతలు ఆ చక్రవర్తి కొలువునకు కానుకలతో వెళ్లిరని చరిత్రకారులు చెప్పుదురు. నూతన ప్రభుత్వమేర్పడి ఆరేండ్లు గడచినవో లేదో, ఇంతలో మన రాజు అచటికి దూతలను పంపుట గమనింపదగినది.

ఇందొక మర్మము కలదు. మన దృష్టిలో కానుక స్నేహమునకు గుర్తు. చీనా కొలువులోనో, పరదేశపు దూత తెచ్చిన కానుక కప్పముగా లెక్కింపబడెడిది. దానికి మారుగా చక్రవర్తి బహుమానము లొసగెడివాడు. పని ఒక్కటే, అర్థములు రెండు. ఇచ్చువాడు తాను సమానుడనుకొనును, పుచ్చుకొనువాడు తాను అధికుడనుకొనును. ఎదుటివారి సంఘమర్యాదను, రాజ్యతంత్రమును ఎరుగనివాడు తానేమి ఇచ్చెనో కూడ ఎరుగడు.

ఈ మాట పాతకాలమునకే చెందదు. 1954లో మన దేశమును చీనాయు పంచశీల సూత్రములతో ఒడంబడిక చేసికొనెను. ఎనిమిదేండ్లకే, 1962లో, హిమాలయములలో యుద్ధము వచ్చెను. కారణములు పెక్కు. సరిహద్దును వారు చూచు తీరు వేరు, మనము చూచు తీరు వేరు. ఆ తేడాను ముందుగా లోతున తరచి చూడకపోవుట అందొకటి. ఆ సరిహద్దు తగవు నేటికిని తీరలేదు. పొరుగువాని పొగడుటకు గాని తెగడుటకు గాని జ్ఞానమక్కరలేదు. వానితో వ్యవహరించుటకు మాత్రము తప్పక కావలెను. వారి భాష, వారి పల్లె, వారి రైతు, వారి అధికారి, వారి చరిత్ర, ఇవన్నియు తెలిసినవారు ప్రతి దేశమునను ఉండవలెను.

బుక్కరాయలు 1377లో గతించెను. కుమారుడు రెండవ హరిహరరాయలు రాజయ్యెను. చెరువు త్రవ్వించినవారు నీటిని ముందుచూపుతో కూర్చిపెట్టిరి. కరువు వచ్చిన పిదప కట్ట వేసిన ఫలములేదు, జ్ఞానమును అట్టిదే. ఆపద వచ్చిననాడు వెదకిన దొరకదు. గ్రంథాలయము ఆ కూర్పునకు చెరువువంటిది. మన బీరువాలలో పొరుగుదేశముల చరిత్రలకును చోటుండుగాక.