ఎండను దాచిపెట్టిన మరియా

రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి వెళ్లే దారిలో ఏర్పేడు దగ్గర బస్సు దిగి చూడండి. మార్చి దాటితే చాలు, మధ్యాహ్నం మిద్దె మీద కాలు పెట్టలేం. ఆ ఎండను మన ఆడవాళ్లు ఊరికే పోనివ్వరు. వడియాలు, ఒరుగులు, ఊరమిరపకాయలు... ఏడాదికి సరిపడా ఎండబెట్టి డబ్బాల్లో పోసేస్తారు. ఒక రకంగా అది ఎండను దాచుకోవడమే! ఇప్పుడు అదే మిద్దె మీద, వడియాల గుడ్డ పక్కనే, పలకంత సోలార్ ప్యానెల్‌ పెట్టుకుంటున్నవాళ్లూ ఉన్నారు. కింద ఇంట్లో ఉన్న బ్యాటరీకి పగలంతా అది కాస్త కాస్తగా కరెంటు ఎక్కిస్తూ ఉంటుంది.

ఎండను పట్టుకోవడం అంత కష్టం కాదు. దాచడమే కష్టం. సాయంత్రం ఆరింటికి వెళ్లిపోయే సూర్యుణ్ణి రాత్రి పదింటికి వాడుకోవడం ఎలా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని దాదాపు నలభై ఏళ్లు పనిచేసిన ఆవిడ ఒకరున్నారు. పేరు మరియా టెల్కెస్. అమెరికాలో ఆవిడకి సూర్యరాణి అని ముద్దుపేరు.

మరియా 1900 డిసెంబరు 12న హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో పుట్టింది. అక్కడి విశ్వవిద్యాలయంలోనే చదివి 1924లో భౌతిక రసాయన శాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకుంది. మన దగ్గర ఆడపిల్లకి అయిదో క్లాసే ఎక్కువ అనుకుంటున్న రోజులవి. ఆ తర్వాత అమెరికాలో ఉన్న బంధువు దగ్గరికి చుట్టపుచూపుగా వెళ్లి, ఉద్యోగం దొరకడంతో అక్కడే ఉండిపోయింది. క్లీవ్‌లాండ్‌లో ఓ ఆస్పత్రి పరిశోధనశాలలో పన్నెండేళ్లు చేసింది. 1937లో అమెరికా పౌరసత్వం వచ్చింది. అదే ఏడాది వెస్టింగ్‌హౌస్ కంపెనీలో చేరి, వేడిని నేరుగా కరెంటుగా మార్చే లోహాల మీద పనిచేసింది. ఇక 1939లో మసాచుసెట్స్‌లోని ప్రఖ్యాత సాంకేతిక విద్యాసంస్థ ఎం.ఐ.టి.లో సౌరశక్తి పరిశోధన బృందంలోకి వచ్చింది. అసలు కథ ఇక్కడి నుంచే.

అంతలో రెండో ప్రపంచయుద్ధం. ఓడలు మునిగి, విమానాలు కూలి సముద్రంలో పడ్డ సైనికులకు చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. మరియా వాళ్ల కోసం గాలి ఊదితే తేలే ప్లాస్టిక్ బుడగలాంటి పరికరం తయారుచేసింది. ఎండకి లోపలి ఉప్పునీరు ఆవిరై, మళ్లీ మంచినీళ్లుగా దిగుతుంది. రోజుకి లీటరుకు అటూఇటూగా నీళ్లు. గొంతు తడుపుకుని ప్రాణం నిలుపుకోవడానికి అది చాలు. అయితే ఆఫీసుల జాప్యం వల్ల యుద్ధం ముగియబోయే దాకా అది తయారీకే రాలేదు. ఎంతమంది దాహంతో పోయారో!

యుద్ధం అయ్యాక ఆవిడ మనసంతా ఇంటి మీదికి మళ్లింది. బోస్టన్‌ దగ్గర డోవర్ అనే ఊళ్లో 1948లో ఓ ఇల్లు లేచింది. ఆలోచన మరియాది. ప్లాను గీసింది ఎలినోర్ రేమండ్ అనే ఆర్కిటెక్టు. స్థలమూ డబ్బూ ఇచ్చింది అమీలియా పీబడీ అనే శిల్పి. ముగ్గురూ ఆడవాళ్లే. మంచు గడ్డకట్టే చలిలో పొయ్యి లేకుండా, ఎండ ఒక్కదానితోనే ఇల్లు వెచ్చగా ఉంచాలని వాళ్ల పట్టుదల.

పై అంతస్తు గోడంతా దక్షిణానికి అద్దాలు, వాటి వెనక నల్ల రేకులు. అక్కడ వేడెక్కిన గాలిని ఫ్యాన్లు గదుల మధ్య కట్టిన అరల్లోకి నెడతాయి. (ఆ ఫ్యాన్లకు మాత్రం మామూలు కరెంటే!) అరల్లో డబ్బాల నిండా గ్లాబర్ ఉప్పు, మొత్తం 21 టన్నులు. నెయ్యి కరిగేటప్పుడు వేడి పీల్చుకుని, పేరుకునేటప్పుడు ఆ వేడిని తిరిగి వదులుతుంది కదా. ఈ ఉప్పూ అంతే, 32 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పగలు కరిగి, రాత్రి గడ్డకడుతూ గదుల్లోకి వెచ్చదనం వదులుతుంది. చవకైన ఉప్పు, పైగా అంతే బరువు నీళ్లకన్నా ఎన్నో రెట్లు వేడిని దాస్తుంది. మరియా బంధువొకరు భార్యాబిడ్డలతో అందులో కాపురం పెట్టారు. జనం గుంపులుగా వచ్చి చూసి వెళ్లేవారు.

రెండు చలికాలాలు బాగానే గడిచాయి. మూడో ఏడు తేడా కొట్టింది. మాటిమాటికీ కరిగి గడ్డకట్టడంతో ఉప్పు విడిపోయి, బరువైన భాగం అడుగున పేరుకుపోయింది. పైన నీళ్లు తేలాయి. ఇక అడుగున ఉన్నది మళ్లీ కరగదు, వేడి పట్టదు. డబ్బాలు తుప్పుపట్టి కారడం మొదలుపెట్టాయి. చివరికి ఉప్పంతా తీసిపారేసి మామూలు నూనె పొయ్యి పెట్టుకోవాల్సి వచ్చింది. బృందంలోని పెద్దలకు ఆవిడ ఉప్పు మీద మొదటినుంచీ నమ్మకం లేదు. అమెరికా మహిళా ఇంజినీర్ల సంఘం తన మొట్టమొదటి పురస్కారం 1952లో మరియాకే ఇస్తే, మరుసటేడే ఎం.ఐ.టి. ఉద్యోగంలోంచి తీసేసింది.

దీనికీ, ఏర్పేడు మిద్దె మీది చిన్న ప్యానెల్‌కీ ఏం సంబంధం అంటారా? చాలా దగ్గర సంబంధం. మన ఇన్వర్టర్‌లో, ట్రాక్టర్‌లో ఉండే సీసం బ్యాటరీకి వచ్చే జబ్బు దాదాపు ఇలాంటిదే. వాడుకున్నప్పుడు లోపలి సీసపు పలకల మీద సల్ఫేటు పొర కడుతుంది. వెంటనే ఛార్జి చేస్తే కరిగిపోతుంది. ఛార్జి లేకుండా వారాల తరబడి వదిలేస్తే ఆ పొర గట్టిపడి పలుకులు కడుతుంది. అప్పుడు ఎంత ఛార్జి ఎక్కించినా కరగదు. పండక్కి పుట్టింటికి వెళ్లి నెల తర్వాత వచ్చేసరికి బ్యాటరీ చచ్చిందంటే చాలాసార్లు కారణం ఇదే.

ఇక్కడే చిన్న ప్యానెల్ అక్కరకొస్తుంది. పది వాట్ల ప్యానెల్ మంచి ఎండలో అర ఆంపియరుకు కాస్త పైగా ఇస్తుంది. రోజుకి సుమారు మూడు ఆంపియర్ అవర్లు. 150 ఆంపియర్ అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీతో ఇల్లంతా నడపడానికి ఇది ఏ మూలకూ చాలదు. ఊరికే ఉన్న బ్యాటరీ తనంతట తాను దిగిపోకుండా నిండుగా ఉంచడానికైతే బోలెడు. మధ్యలో ఛార్జ్ కంట్రోలర్ తప్పకుండా ఉండాలి. లేకపోతే నిండిన బ్యాటరీకి ఇంకా ఇంకా ఎక్కి నీళ్లు ఆవిరైపోతాయి, రాత్రిపూట బ్యాటరీ కరెంటు ప్యానెల్‌లోకే ఎదురు పారే ప్రమాదమూ ఉంది. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పొయ్యండి, కుళాయి నీళ్లు వద్దు. ఛార్జి అయ్యేటప్పుడు మండే వాయువు వస్తుంది కాబట్టి కిటికీ లేని గదిలో, దీపారాధన పక్కన పెట్టకండి. ప్యానెల్‌కి ఎండ కావాలి గానీ బ్యాటరీకి వద్దు, వేడికి దాని ఆయువు తగ్గుతుంది. మన సీమ ఎండలకి ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి.

మళ్లీ మరియా దగ్గరికి వద్దాం. ఉద్యోగం పోయిందని ఆవిడ మూల కూర్చోలేదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, ఫోర్డ్ ఫౌండేషన్ ఇచ్చిన 45 వేల డాలర్లతో పేద దేశాల ఆడవాళ్ల కోసం సౌర పొయ్యి తయారుచేసింది. కట్టెలు అక్కర్లేదు, కళ్లలో పొగ లేదు. (2002లో తిరుమలలో రోజుకి 15 వేలమందికి ఎండతో పుట్టించిన ఆవిరి మీద వండే ఏర్పాటు పెట్టారని మనకి తెలుసుగా. పద్ధతి వేరైనా కోరిక అదే.)

ఎండ నుంచి కరెంటు తీసే సిలికాన్ పలకలను 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల వాళ్లు లోకానికి చూపించారు. మరుసటేడే జార్జియాలో ఓ పల్లెటూరి టెలిఫోన్ లైను బ్యాటరీలను వాటితో ఛార్జి చేసి చూశారు. అంటే పలక పెట్టి బ్యాటరీ నిండుగా ఉంచడం మొన్న మొన్నటి సంగతి కాదన్నమాట.

ఈ రెండు దారులూ ఒక ఇంట్లో కలిశాయి. 1973లో డెలావేర్ విశ్వవిద్యాలయం సోలార్ వన్ అనే ఇల్లు కట్టింది. కప్పు మీది పలకలు కరెంటు ఇస్తే బ్యాటరీలు దాచాయి, వేడిని ఉప్పు దాచింది. ఆ ఉప్పు చూసుకున్నది అప్పటికి డెబ్భై దాటిన మరియానే. డోవర్‌లో తన పరువు తీసిన ఉప్పును వదలకుండా, ఒక రకం బంకమట్టి కలిపి చిక్కబరిచి, అడుగుకి దిగకుండా నిలబెట్టే పద్ధతి కనిపెట్టింది. 1976లో దానికి పేటెంటు వచ్చింది. అంటే మొదటి ఇల్లు లేచిన ఇరవై ఎనిమిదేళ్లకి!

1980లో మసాచుసెట్స్‌లోనే కార్లైల్ అనే ఊళ్లో సౌర విద్యుత్తుతో నడిచే మరో ఇంటికీ ఆవిడ సాయం ఉంది. 1995లో, దాదాపు డెబ్భై ఏళ్ల తర్వాత, మరియా పుట్టిన ఊరు చూడ్డానికి బుడాపెస్ట్ వెళ్లింది. డిసెంబరు 2న అక్కడే కన్నుమూసింది. మరో పది రోజులైతే తొంభై అయిదు నిండేవి.