నేటాలు తెలుగువారి కాపరి – రెవరెండ్ జాన్ రంగయ్యగారు

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసు నుండి 342 మందితో దర్బను రేవు చేరెను. నాటినుండి 1911 వరకు ఒప్పందపు కూలీలుగా నేటాలు చేరిన తెలుగువారిలో అధికులు రామభజన చేయువారు. కొందరు క్రీస్తును నమ్మినవారు. ఆ కొందరికి తమ భాషలో ప్రార్థన చెప్పుటకు సముద్రము దాటి వచ్చిన మహనీయుడు రెవరెండ్ జాన్ రంగయ్యగారు.

రంగయ్యగారు 1866లో జన్మించిరి. ఆయన బాల్యములోనే, 1876 మొదలు 1878 వరకు, దక్షిణ దేశమును ఘోరమైన కరువు పీడించెను. కరువు తగ్గుచుండగా 1878 జూలై 3వ తేదీన ఒంగోలు సమీపమున గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ విధముగా పెరిగిన తెలుగు బాప్టిస్టు సంఘములలో రంగయ్యగారును ఒకరు. ఆయన నెల్లూరులో ఉపాధ్యాయ వృత్తి చేపట్టిరి. ఆ సంఘములవారిలో కొందరు కూటికై గిరిమిటి ఒప్పుకొని ఓడ ఎక్కిరి.

తోటలలో వారి బ్రతుకు కఠినము. ఐదేండ్ల ఒప్పందము, మొదటి యేడు నెలకు 10 షిల్లింగుల జీతము, తెల్లవారకమునుపే లేచి చెరకు నరకవలెను. నూరుగురు పురుషులకు స్త్రీలు నలుబదిమందికి మించి యుండుట అరుదు. 1895 నాటి చట్టము ప్రకారము ఒప్పందము ముగిసినవారు మరల కూలికి కుదురవలెను, లేక దేశము విడువవలెను. రెండును కాదన్నచో సంవత్సరమునకు 3 పౌనుల పన్ను కట్టవలెను. ఇట్టి స్థితిలో అనేకులు సారాయికి లోనైరి, కలహములు పెరిగెను, కాపురములు చెడెను. క్రీస్తును నమ్మినవారును మనుష్యులే. నదిలో మునిగి పాపము విడిచితిమని చెప్పినవారు ఇక్కడ తడబడినప్పుడు, వారిని మందలించుటకు గాని, ఓదార్చుటకు గాని కాపరి లేడు. తమకు ఒక కాపరిని పంపుమని వారు స్వదేశపు సంఘమునకు విన్నవించుకొనిరి.

ఆ పిలుపునకు తెలుగు బాప్టిస్టులు తామే స్థాపించుకొనిన హోము మిషనరీ సంఘము బదులు పలికెను. అది దొరల సంఘము కాదు. తెలుగువారు తెలుగువారికొరకు నడుపుకొనినది. 1903లో రంగయ్యగారు ఉపాధ్యాయ పదవి విడిచి, కుటుంబముతో నేటాలు వచ్చిరి. ఉత్తర తీరమున హ్యూలెట్ దొరగారి తేయాకుతోట యున్న కియర్స్నీలో, అదే యేడు డిసెంబరు 27వ తేదీన, మొదటి తెలుగు బాప్టిస్టు సంఘము ఏర్పడెను. అచ్చటినుండి నేడు క్వాడుకుజా అనబడు స్టాంగరు, డార్నాలు మొదలైన చోట్లకు ఆయన సేవ విస్తరించెను.

ఆ సేవకు ప్రాణము క్షమాపణ. మనుష్యుడు బలహీనుడని క్రైస్తవ మతము దాచదు. యేసు శిష్యులలో ముఖ్యుడైన పేతురు ప్రాణభయముచే ఒక్క రాత్రిలో తన గురువును ముమ్మారు ఎరుగనని పలికెను. పిదప వెక్కివెక్కి యేడ్చెను. అట్టివానికే ప్రభువు తన మందను అప్పగించెను. అయినను క్షమాపణ అనగా తప్పును తేలికగా నెంచుట కాదు. క్షమ పొందిన జక్కయ్య తాను అన్యాయముగా తీసికొనిన దానిని నాలుగంతలుగా తిరిగి యిచ్చెదనని మాట యిచ్చెను. త్రాగిపోసిన కూలి డబ్బు ఆలుబిడ్డల అన్నము. దేవుని యెదుట కన్నీరు విడిచినవాడు ఆ అన్నమును ఇంటికి చేర్చవలసియున్నది. బాప్టిస్టు సంఘములలో తప్పిన సభ్యుని ప్రభువు బల్లనుండి కొంతకాలము నిలుపుటయు, మారుమనస్సు కనబడగా మరల చేర్చుకొనుటయు ఆచారము. తలుపు మూయుట శిక్షకొరకు కాదు, మరల తెరచుటకొరకే.

తప్పిపోయిన కుమారుడు దూరదేశమునుండి నడచి తండ్రియిల్లు చేరెనని సువార్త కథ. తోటలలోని వారిలో అనేకులకు మరలిపోవు త్రోవయే మూతపడెను. ఓడ దొరకకపోయినను తండ్రి దొరకునని, చెరకుతోటలోనే ఆయన యెదురు వచ్చునని రంగయ్యగారి రాక వారికి తెలియజేసెను.

1914లో ఆ సంఘములు నేటాలు ఇండియన్ తెలుగు బాప్టిస్టు అసోసియేషనుగా కూడెను. మరుసటి యేడు, 1915లో, రంగయ్యగారు ఈ దేశముననే కన్నుమూసిరి. పన్నెండేండ్ల సేవ, నిండా యేబదియేండ్లు లేని ఆయుస్సు. ఆయన నాటిన సంఘములు మాత్రము ఆయనతో పోలేదు.

గిరిమిటి కాలము గతించినను కూటికై సముద్రము దాటుట గతింపలేదు. నేడు అరబ్బు దేశమున, షార్జా చెంతనున్న సజ్జా పారిశ్రామిక ప్రాంతములో, కూలివారి వసతిగృహములు కలవు. అట్టి చోట్ల బ్రతుకు వెదకుకొనువారిలో తెలుగువారును కలరు. వారికి ఇంటికి పోవు విమానము కలదు. అయినను అప్పులచేతను, దురలవాటుచేతను సిగ్గుపడినవానికి ఆ త్రోవయు దూరమే. కావున తడబడిన సహోదరుని వెలివేయక, అతడున్న చోటికే పోయి చేయిపట్టి లేపుట రంగయ్యగారి జీవితము నేర్పు పాఠము. ఏ మతమువారైనను ఆ పాఠమును పాటించి ధన్యులగుదురు గాక.