మచ్చల గింజల బార్బరా గారు

మొక్కజొన్న పొత్తులో మచ్చల గింజలు చూశారా? మా ఏజెన్సీ ఊళ్ళో పొత్తులు వలిచేటప్పుడు అలాంటివి దొరికితే ఆడుకోడానికి దాచుకునేవాళ్ళం. ఆ మచ్చలు ఎందుకొస్తాయో కనిపెట్టినావిడ బార్బరా మెక్‌క్లింటాక్.

ఆమె 1902 జూన్ 16న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టారు. కాలేజీకి పోతే పెళ్ళి కాదని వాళ్ళమ్మ వద్దంది. డాక్టరైన తండ్రి ఒప్పుకున్నారు. (మా అవ్వదీ అదే మాట. మా నాన్నే నన్ను బస్సెక్కించి ఈ కోనసీమ దాకా తెచ్చాడు.) 1919లో కార్నెల్‌లో వ్యవసాయ కాలేజీలో చేరి, 1927లో డాక్టరేటు తీసుకున్నారు.

మొక్కజొన్న కణంలో క్రోమోజోములు 10 జతలు. పుప్పొడి తయారయ్యే ముందు క్షయకరణ విభజన జరుగుతుంది. అప్పుడు జతలోవి రెండూ దగ్గరకొచ్చి, ముక్కలు మార్చుకొని, విడిపోతాయి. ఆ మార్పిడి నిజంగానే జరుగుతుందని 1931లో ఆమె, హారియట్ క్రైటన్ అనే విద్యార్థిని కలిసి మైక్రోస్కోపుతో చూపించారు. జత కుదరకపోతే విత్తనం సరిగ్గా రాదు. ఆదివారం మనకిచ్చే అరటిపండులో గింజలుండవు కదా, దానికి ఒక కారణం ఇదే. మనం తినే అరటి రకాలు చాలావాటిలో క్రోమోజోములు రెండేసి కాదు, మూడేసి ఉంటాయి. మూడోదానికి జోడీ ఉండదు.

1940లలో ఆమె కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ అనే చోట సొంతంగా మొక్కజొన్న వేసి, ఒక్కో గింజా పరీక్షగా చూసేవారు. క్రోమోజోములో ఒక ముక్క తన చోటు వదిలి ఇంకోచోటికి దూకుతుందని కనిపెట్టారు. అది రంగు జన్యువులోకి దూరితే రంగు ఆగిపోతుంది. గింజ పెరిగేటప్పుడు ఏదైనా కణంలో అది లేచిపోతే, ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నిటికీ మళ్ళీ రంగొస్తుంది. ముందే లేచిపోతే పెద్ద మచ్చ, ఆలస్యమైతే చిన్న చుక్క. అంటే జన్యువు ఉంటే చాలదు, దాన్ని ఆపేవీ నడిపేవీ వేరే ఉన్నాయన్నమాట.

1951లో పెద్ద సభలో ఇది చెబితే చాలామందికి ఎక్కలేదు. 1953 తర్వాత దీని గురించి పత్రికల్లో రాయడం దాదాపు మానేశారు. పొలం మాత్రం మానలేదు. 1960ల చివర బ్యాక్టీరియాలో కూడా దూకే ముక్కలు బయటపడ్డాయి. అప్పుడు అందరూ ఆమెని తలుచుకున్నారు. 1983లో నోబెల్ బహుమతి వచ్చింది, అప్పటికి ఆమెకి 81 ఏళ్ళు! ఆ కబురు రేడియోలో విన్నారట. 1992 సెప్టెంబరు 2న చనిపోయారు.

మొక్కజొన్నలోనే అమియోటిక్-1 అనే జన్యువు ఉందని ఇప్పుడు తెలుసు. అది పని చెయ్యకపోతే క్షయకరణ విభజన మొదలే కాదు. ఆ కణాలు మామూలుగానే విడిపోతాయి, పుప్పొడి రాదు.

ఈసారి సెలవులకి ఊరెళ్ళినప్పుడు మచ్చల పొత్తు దొరికితే తెచ్చి ఈ గోడపత్రిక పక్కనే కడతాను. దయచేసి ఎవరూ గింజలు పీకొద్దు.