గ్రేసు హాపరు - తప్పులను దాచని విదుషి

లెక్క తప్పిన పుటను విద్యార్థులు చడిచప్పుడు లేక చింపివేయుట మేము పలుమారు చూచితిమి. పుట పోవును గాని తప్పు పోదు. పరీక్షనాడు అదియే మరల ఎదురగును. అట్టివారికొరకు గ్రేసు హాపరు జీవితమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈమె 1906వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరమున జన్మించెను. ఏడేండ్ల ప్రాయమున, అలారము గడియారము ఎట్లు మ్రోగునో తెలిసికొనగోరి, ఇంటనున్న ఏడు గడియారములను ఒకదానివెంట నొకటి విప్పివేసెను. తల్లి ఆమెకు ఒక్క గడియారమును విడిచి, తక్కినవానిని ముట్టరాదని కట్టడ చేసెను. తరువాత ఆమె 1934లో యేలు విశ్వవిద్యాలయమున గణితశాస్త్రమునందు డాక్టరు పట్టమును పొంది, వాసరు కళాశాలలో గణితము బోధించెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943 డిసెంబరులో, ఆమె నౌకాదళమున చేరెను. శరీరపు బరువు నియమమునకు తక్కువైనను ప్రత్యేకానుమతి పొందెను. 1944లో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పంపబడి, హోవర్డు ఐకెను రూపొందించిన మార్కు ఒకటి అను గణనయంత్రమువద్ద నియుక్తురాలయ్యెను. దాని పొడవు 51 అడుగులు. చిల్లులు పొడిచిన కాగితపు పట్టీల మూలమున దానికి ఆజ్ఞలు అందించుచుండిరి. ఇట్టి ఆజ్ఞల వరుసయే ప్రోగ్రాము.

1947 సెప్టెంబరు 9వ తేదీన, అచ్చటనే నిర్మింపబడిన మార్కు రెండు అను యంత్రము సరిగా పనిచేయదయ్యెను. వెదకి చూడగా ఒక రిలేలో రెక్కలపురుగు చిక్కియుండెను. యంత్రదోషమును పురుగు అనుట ఇంజనీర్లలో అంతకు పూర్వమే వాడుక. పనివారు ఆ పురుగును దినచర్య పుస్తకమున అంటించి, గంట, పలక గుర్తు, రిలే సంఖ్య వ్రాసి, నిజమైన పురుగే దొరకినదని చమత్కరించిరి. పట్టినది హాపరు కాదు. ఆ కథను లోకమునకు చాటినది మాత్రము ఆమెయే. ఆ పుట నేడు స్మిత్సోనియను సంస్థవారి మ్యూజియమున భద్రముగా నున్నది.

ఆ దినములలో సరియైనవని తేలిన ఆజ్ఞల వరుసలను నోటుపుస్తకములందు దాచుకొని, ఒకరివి మరొకరు ఎత్తివ్రాసికొనుచుండిరి. ఒకరి డెల్టా అక్షరము వేరొకరి ప్రతిలో 4 అంకెగా మారెడిది. మన తాటాకు ప్రతుల వ్రాయసకాండ్రు చివర తప్పులను మన్నింపుడని వేడుకొనిరి. యంత్రమునకు మన్నించుట తెలియదు. తప్పులు ఎచ్చట పుట్టుచున్నవో గమనించిన హాపరు, ఎత్తివ్రాయు పనిని యంత్రమునకే అప్పగింపదలచెను. అట్లు 1952లో ఏ-సున్న అను కంపైలరు వెలసెను. యంత్రము అట్టి పని చేయగలదని మొదట పెక్కురు నమ్మరైరి. తరువాత 1959లో ఆరంభమైన కోబాలు భాషకు ఆమె చేసిన ఫ్లోమాటిక్కు భాషయే ముఖ్యాధారమయ్యెను.

నేటి ప్రోగ్రాము రచయితలు, ఇంకను చేయవలసిన పనిని, తెలిసియు దిద్దని దోషమును ఆయా ఆజ్ఞల ప్రక్కనే గుర్తువేసి వ్రాసికొందురు. దోషములకు సంఖ్యలిచ్చి చిట్టా వేసి, ఎవరు ఎప్పుడు దిద్దిరో తెలుపుదురు. వ్రాయని దోషము, తరువాత వచ్చువానికి గోతివంటిది.

హాపరు 1986లో, 79 ఏండ్ల వయస్సున, రియరు అడ్మిరలు హోదాతో నౌకాదళమునుండి విరమించి, 1992 జనవరి 1వ తేదీన మరణించెను.

విద్యార్థులారా! ఇకమీదట పుట చింపకుడు. తప్పు ప్రక్కన తేదీ వేయుడు. దిద్దినదినమున ఆ తేదీని కూడ వ్రాయుడు. అట్టి నోటుపుస్తకమును మాకు చూపుటకు వెనుదీయకుడు; అందలి తప్పులకు మేము మార్కులు తగ్గింపము.