కందుకూరి వీరేశలింగం: నింద ఎవరిదని నిలదీసిన సంపాదకుడు

రాజమహేంద్రవరంలో 1848 ఏప్రిల్ 16న జన్మించిన కందుకూరి వీరేశలింగం నాలుగేళ్ల వయసులోనే తండ్రి సుబ్బారాయుడిని కోల్పోయారు. తల్లి పున్నమ్మ వైధవ్యాన్ని చూస్తూ పెరిగిన ఆ బాలుడు, పెదతండ్రి అండన చదువుకుని ఉపాధ్యాయుడయ్యారు. ధవళేశ్వరంలో పనిచేస్తూ 1874లో వివేకవర్ధని పత్రికను ప్రారంభించారు. తొలుత మద్రాసులో అచ్చయిన ఆ పత్రిక తరువాత రాజమహేంద్రవరంలో ఆయన సొంత ముద్రాలయానికి చేరింది. బాలికల కోసం ధవళేశ్వరంలో పాఠశాల తెరిచినది కూడా ఆ ఏడాదే. స్త్రీవిద్యను వ్యతిరేకించిన కొక్కొండ వేంకటరత్నం ఆంధ్రభాషాసంజీవనితో వివేకవర్ధనికి జరిగిన వాదప్రతివాదాలు తెలుగు పత్రికా చరిత్రలో ప్రసిద్ధమైనవి.

ఆ కాలపు వితంతువు కథ ఊరూరా ఒకే విధంగా సాగేది. ఊహ తెలియని వయసులో పెళ్లి, యుక్తవయసు రాకముందే వైధవ్యం, ఆపైన శిరోముండనం. బంధువో, ఇంటికి వచ్చిపోయే పెద్దమనిషో ఆమెకు ఆశలు కల్పించి లోబరచుకునేవాడు. గర్భం ఆమెలో మాత్రమే కనిపిస్తుంది గనుక విచారణ ఆమెకు, వెలి ఆమెకు. అతని పేరు ఎవరూ ఎత్తరు. లేచిపోయింది, చెడిపోయింది అనే మాటలకు కర్త ఎప్పుడూ స్త్రీయే. ఈ వ్యాకరణం గోదావరి తీరానికే పరిమితం కాలేదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఉక్కు నగరానికి వలస వెళ్లి గోల్‌మురి వంటి పేటలలో స్థిరపడిన కుటుంబాల తెలుగులోనూ ఆ క్రియలకు కర్త మారలేదు. నేర వార్తల శీర్షికలలో మాత్రం మారిందా?

1881లో సూరత్ ప్రాంతానికి చెందిన విజయలక్ష్మి అనే యువ వితంతువుకు శిశుహత్య నేరంపై ఉరిశిక్ష పడింది. అప్పీలుపై ఆ శిక్షను తగ్గించారు. పశ్చిమ భారత పత్రికలలో కొన్ని ఆ సందర్భాన్ని స్త్రీల నీతిని దుయ్యబట్టడానికి వాడుకున్నాయి. బిడ్డకు తండ్రి ఎవరన్న ప్రశ్న వాటిని బాధించలేదు. మహారాష్ట్రలోని బుల్ఢాణాకు చెందిన తారాబాయి శిందే ఆ రాతలపై ఆగ్రహించి, వంచించిన పురుషుని దోషాన్ని ఎత్తిచూపుతూ 1882లో స్త్రీ పురుష తులన అనే మరాఠీ పుస్తకాన్ని ప్రచురించారు.

వీరేశలింగం తెలుగునాట అదే ప్రశ్నకు మరో మార్గంలో సమాధానం వెతికారు. వితంతువు రహస్యంగా గర్భవతి కావడానికి, శిశువులు బలికావడానికి మూలం ఆమె స్వభావంలో లేదని, పునర్వివాహాన్ని నిషేధించిన ఆచారంలో ఉందని ఆయన వాదించారు. 1879 ఆగస్టులో బహిరంగ ఉపన్యాసంతో మొదలైన ఆ ఉద్యమం 1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల వివాహంతో ఆచరణలోకి వచ్చింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశారు. ఊరు వెలివేసింది; వంటవారు, నీళ్లు మోసేవారు దొరకలేదు. ఆ పనులన్నీ భార్య రాజ్యలక్ష్మమ్మ తన భుజాన వేసుకున్నారు. ఈ ఉద్యమ చరిత్రలో ఆమెకు దక్కవలసినంత చోటు దక్కలేదు. ప్రహసనాలలో ఆయన పురుషులనే ఎగతాళి చేశారు. పసిపిల్లను కట్టుకునే ముసలివాని కథ బ్రహ్మవివాహం, పెద్దయ్యగారి పెళ్ళి అన్న పేరుతో జనంలో నిలిచింది. 1883లో స్త్రీల కోసం సతీహితబోధిని ఆరంభించారు.

అయితే ఆయన తరాజు అన్నిచోట్లా సమంగా తూగలేదు. వేశ్యాసంపర్కాన్ని ఖండించే సందర్భంలో మేళాలకు పోయే ధనికుణ్ణి తిట్టినా, కుటుంబాల పతనానికి కారకులుగా భోగం స్త్రీలను కూడా నిలబెట్టారు. వారికి ఆ వృత్తి తప్ప మరో దారి ఉన్నదా అన్న విచారణ చాలలేదు. కవుల చరిత్రలో తంజావూరు కవయిత్రి ముద్దుపళని రచనను శృంగారం మితిమీరిందని నిందించారు. అంతే శృంగారం రాసిన పురుష కవులపై ఆ తీవ్రత చూపలేదు. ఆ ద్వంద్వ నీతిని బెంగుళూరు నాగరత్నమ్మ బహిరంగంగా ఎత్తిచూపి, 1910లో రాధికా సాంత్వనమును తిరిగి అచ్చువేయించారు. వితంతువు తరఫున ఆయన వేసిన ప్రశ్ననే ఒక దేవదాసి ఆయనకు తిప్పి వేసింది.

రాజ్యలక్ష్మమ్మ 1910లో కన్నుమూశారు. తన ఆస్తిని వీరేశలింగం హితకారిణీ సమాజానికి అప్పగించారు. సాక్చికి జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చిన 1919లోనే, మే 27న, ఆయన మద్రాసులో మరణించారు.