శ్రీమతి ఇరావతీ కర్వే: కుటుంబ పరిశోధన

శ్రీమతి ఇరావతీ కర్వేగారు 1905వ సంవత్సరమున బర్మాదేశమందు జన్మించిరి. అచ్చటి ఐరావతీ నది పేరే ఆమెకు పెట్టబడినది. బెర్లిన్ నగరమున డాక్టరేటు పొంది, 1939లో పుణె దక్కన్ కళాశాలలో చేరి సమాజశాస్త్రమును బోధించిరి. దేశమున పలుతావులు తిరిగి, వావివరుసల పదములను సేకరించి, 1953లో భారతీయ బంధుత్వ వ్యవస్థపై ఆంగ్లమున గ్రంథము వెలువరించిరి. ఒకే కప్పుక్రింద వసించుచు, ఒకే పొయ్యిమీద వండినది భుజించుచు, ఆస్తిని, ఆరాధనను ఉమ్మడిగా గల బంధువర్గమే ఉమ్మడి కుటుంబమని నిర్వచించిరి.

ఉత్తరదేశమున కన్య ఎరుగనివారి యింటికి కోడలై ముసుగుచాటున మెలగును. మేనరికముగల దక్షిణమున తరచు మేనత్తయే అత్తగారగును. పుట్టినింటి రాకపోకలు తెగవు. ఈ భేదమును ఆమె విశదముగా నిరూపించిరి. 1970లో దివంగతులైరి. కోడలి కష్టసుఖములను లెక్కింపని కుటుంబచరిత్ర అసంపూర్ణమని ఆమె కృషి నేటికిని బోధించుచున్నది.